ప్లేగు వకీలుకు అత్త పెట్టిన పరీక్ష

హైదరాబాదు
ఇస్ఫందార్ 4, 1345 ఫసలీ

అత్తా,

నీ కాళ్లకు మొక్కి జంగయ్య రాస్తున్నాను. నాకు ఏమీ కాలేదు. ఈ ఉత్తరం విప్పేటప్పుడు నువ్వు దేవుళ్లందరినీ పిలుస్తావని తెలుసు, అందుకే ఆ మాట అన్నిటికన్నా ముందు పెట్టాను.

పట్నంలో ప్లేగు ముదిరింది. మా గల్లీలో దూలాల మీది నుంచి ఎలుకలు రాలి పడుతున్నాయి. ఎలుక పడ్డ ఇల్లు ఆ పూటే ఖాళీ. జనం తట్టాబుట్టా నెత్తిన పెట్టుకుని ఊరవతల డేరాల్లోకి పోతున్నారు. బజారంతా గంధకం పొగ. నేను సూదిమందు వేయించుకున్నాను. మా గురువు వీరస్వామి వకీలు గారు మాత్రం తాను వేయించుకోకుండానే నాకు ధైర్యం చెప్పారు.

అసలు సంగతి ఇది. మా వకాలతు పరీక్ష ఆగిపోయింది. మళ్లీ ఎప్పుడు పెడతారో చెప్పేవాడు లేడు. వకీళ్లలో కొందరు ప్లేగుతో పోయారు, కొందరు ఊళ్లు పట్టారు. దావాలు పేరుకుపోయాయి. జైల్లో ఉన్నవాళ్ల తరఫున నిలబడే దిక్కు లేదు. అందుకని పైనుంచి ఒక హుకుం వచ్చింది. చదువు పూర్తిచేసి, ఒక వకీలు దగ్గర రెండేళ్లు పనిచేసినవాళ్లకు పరీక్ష లేకుండానే సనదు ఇస్తారట. ఆ సనదు చేతిలో ఉంటే చాలు, కచేరీలో నిలబడి మాట్లాడవచ్చు. వీరస్వామి గారు నా పేరు పంపుతానంటున్నారు.

చెరువులో వల వేసుకుని బతికే మన వాడ నుంచి ఒకడు వకీలు కాబోతున్నాడు, అత్తా! అమ్మ పోయిన నాటి నుంచి నన్ను సాకింది నువ్వు. నువ్వు ఊ అంటేనే తీసుకుంటాను.

ఉత్తరం తెచ్చే టప్పావాడి దారి చూస్తూ,
జంగయ్య

*

ఇబ్రహీంపట్నం, బెస్తవాడ
యువ నామ సంవత్సరం, పుష్య బహుళ పంచమి

మేనల్లుడు జంగయ్యను గంగమ్మ తల్లి వెయ్యి కళ్లతో కాచుగాక.

నాయనా, నీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు "ఏమీ కాలేదు" అన్న ముక్క దగ్గరే ఆగిపోయాను. అక్కడే కూర్చుని దీపం పెట్టాను. తర్వాత మిగతాది చదివాను. చదివాక ఆ దీపం నా నెత్తికంటుకుంది!

పరీక్ష లేకుండానా? జనకుడు విల్లు ఎత్తించకుండా సీతను ఇచ్చాడా? "ఊరిలో రోగమున్నది, విల్లు రేపు చూద్దాం, పిల్లను ఇయ్యాల్నే తీసుకపోండ్రి" అన్నాడా? పాలసముద్రాన్ని చిలికితేనే కదా అమృతం వచ్చింది. మొదట విషం వచ్చింది, అది తాగినవాడున్నాడు, అప్పుడు అమృతం. నీకు చిలికే పని లేదు, విషం లేదు, నేరుగా చెంబుతో పోస్తారా? పురాణంలో అట్లా అమృతం తాగినవాడు ఒక్కడే ఉన్నాడు. వాడి తల ఇప్పటికీ మొండెం కోసం ఆకాశంలో తిరుగుతోంది.

నిన్నటి భజనలో కూడా ఇదే చెప్పాను. నీ పేరు తీయలేదు, కాని అందరూ నీవని తెలుసుకున్నారు. సాయన్న వెనక నుంచి, "అక్కా, అయితే మనోడు ప్లేగు వకీలన్నట్టు!" అన్నాడు. జనం నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఆ మాట గుచ్చుకుంది. రేపు కచేరీలో కూడా నిన్ను అట్లాగే అంటారేమోనని నా భయం.

ఇంకొక సంగతి. మీ మామ అన్న మల్లేశయ్య బావ పట్నం మిల్లు విడిచిపెట్టి వచ్చాడు. భార్య ప్లేగుతో పోయింది. వెంట కూతురు ఇంద్రమ్మ ఉంది, పాలపళ్లు ఇంకా ఊడని పిల్ల. రాగానే తూర్పు అర్ర ఖాళీచేసి ఇచ్చాను. పిల్ల నా పక్కనే పడుకుంటోంది. బావ మాత్రం పొద్దున లేస్తే ఇంటి గోడలు తట్టి చూస్తున్నాడు, అంగడిలో ఎద్దును తట్టినట్టు.

నీళ్లు కాచి తాగు. ఎలుక కనిపిస్తే దేవుని వాహనమని మొక్కుతూ నిలబడకు, బయటికి ఉరుకు.

కోపంతోనూ ప్రేమతోనూ,
నీ అత్త సిద్దమ్మ

*

హైదరాబాదు
ఇస్ఫందార్ 14

అత్తా,

నీ ఉత్తరాన్ని వీరస్వామి గారి ముందు విప్పాను. బుద్ధి తక్కువై. "ప్లేగు వకీలు" అన్న మాట ఆయన కంట పడింది. పడిపడి నవ్వారు. సాయంత్రానికి గుమస్తా మొదలు చాయ్ తెచ్చేవాడి దాకా అందరికీ నేను ప్లేగు వకీల్ సాబ్‌నే. నువ్వు అక్కడ విసిరిన వల ఇక్కడ నా మీద పడింది.

విల్లు ఎత్తలేదన్నావు. సభకు విల్లే తేకపోతే దేన్ని ఎత్తమంటావు? నేను ఎత్తనన్నానా? దీపం కింద కళ్లు పోగొట్టుకుని చదివింది ఎవరు?

వీరస్వామి గారితో జైలుకు పోయి వచ్చాను. ఖాళీ ఇంట్లో గిన్నెలు దొంగిలించాడని ఒక ముసలాయనను పెట్టారు. ఆ ఇల్లు ఆయనదేనట! "నాయనా, నా తరపున మాట్లాడేటోడు ఎప్పుడొస్తడు?" అని అడిగాడు. పరీక్ష అయ్యాక వస్తాడని చెప్పనా?

అయినా నీకు నా మీద నమ్మకం లేనప్పుడు ఆ కాగితం నాకెందుకు? నీకు పరీక్షే కావాలంటే నువ్వే పెట్టు. ప్రశ్నలు రాసి పంపు. నేను జవాబు రాస్తాను. నువ్వు "నెగ్గావు" అంటే తీసుకుంటాను, "ఓడావు" అంటే ఊరికొచ్చి వల పట్టుకుంటాను.

పెద్దమామ వచ్చాడని సంతోషం. నీకు తోడు దొరికింది.

జంగయ్య

*

ఇబ్రహీంపట్నం
పుష్య బహుళ ద్వాదశి

అల్లుడా,

రోషంతో అన్నావు కాని సరైన మాటే అన్నావు. ప్రహ్లాదుడిని కూడా పరీక్షించింది ఇంటివాళ్లే. తలస్నానం చేసి, ఉపవాసముండి ప్రశ్నలు రాస్తున్నాను. నువ్వూ చాయ్ తాగుకుంటూ, ఈల వేసుకుంటూ జవాబు రాయకు.

మొదటి ప్రశ్న. ఒకడి మేక పక్కవాడి చిక్కుడు పందిరి మేసింది. పందిరివాడు మేకను కట్టేసుకున్నాడు. రాత్రి ఆ మేక అతని ఇంట్లోనే ఈనింది. పిల్ల ఎవరిది?

రెండో ప్రశ్న. ఒకడు కల్లు నిండా తాగి కాగితం మీద వేలిముద్ర వేశాడు. దిగినాక వేయలేదంటాడు. చెల్లుతుందా? (ఆ కల్లు పోసినవాడికి ఏ శిక్ష ఉందో కూడా రాయి. లేకపోతే మీ చట్టంలో పెట్టమను.)

మూడో ప్రశ్న. ఒక ఊళ్లో ఇద్దరు అన్నదమ్ములు. తమ్ముడు పిల్లలు లేకుండా చనిపోయాడు. వాడి పెండ్లాం ఆ ఇంట్లోనే ఉంది. చాలా ఏండ్ల తర్వాత అన్న వచ్చి, ఇల్లు నాది, నీకింత ముద్ద పెడతా, పడి ఉండు అంటాడు. ఇల్లు ఎవరిది?

మూడోదానికి మొహమాటం లేకుండా రాయి. తన పర చూడకు. ధర్మం చెప్పేచోట కూర్చున్నవాడికి అత్త లేదు, అమ్మ లేదు. విక్రమార్కుడి గద్దె మెట్ల మీద బొమ్మలు కూడా ప్రశ్న అడుగుతాయి. జవాబు తడబడితే ఎక్కనివ్వవు.

ఇంద్రమ్మ నా పక్కన కూర్చుని ఈ కాగితం మీద వేలు పెట్టి, "ఇది ఏం అక్షరం చిన్నమ్మా?" అని అడుగుతోంది. నాకు చదువు చెప్పినవాళ్లు లేరు, నా అంతట నేనే నేర్చుకున్నాను; దానికి నేనున్నాను.

సిద్దమ్మ

*

హైదరాబాదు
ఇస్ఫందార్ 22

పరీక్ష పెట్టిన అత్తగారికి,

చాయ్ తాగకుండానే రాస్తున్నాను. పక్కనే పెట్టుకున్నాను, చల్లారిపోయింది.

మొదటిది: పిల్ల మేకవాడిది. పందిరివాడికి మేసిన చిక్కుడుకు నష్టం ఇప్పించాలి, కట్టేసినన్నాళ్లు మేత పెట్టినందుకు కూడా. తల్లి ఎవరిదో పిల్ల వాడిదే.

రెండోది: ఏం వేస్తున్నాడో తెలియనంత మత్తులో ఉన్నాడని రుజువైతే చెల్లదు. కల్లు పోసినవాడికి శిక్ష లేదు. నువ్వు కచేరీలో కూర్చుంటే వాడికి ఉరే.

మూడోది: ఇది చిన్నపిల్లలు కూడా చెప్పే ప్రశ్న, అత్తా. ఇంతేనా నీ పరీక్ష? ఉమ్మడి ఆస్తిలో తమ్ముడు కొడుకులు లేకుండా పోతే వాడి పాలు బతికున్న అన్నకు చేరుతుంది. ఇల్లు అన్నది. ఆమెకు కూడు, గుడ్డ, అంతే. ఆమె ఎన్నేళ్లున్నా ఉన్నందువల్ల హక్కు రాదు. మొహమాటం వద్దన్నావు కదా, లేకుండా రాశాను.

ఇప్పుడు చెప్పు, నెగ్గానా లేదా? వచ్చే వారం సనదుకు పేర్లు పిలుస్తారు.

జంగయ్య

*

చెరువు కట్ట కింద
మాఘ శుద్ధ సప్తమి

చిరంజీవి జంగయ్యకు,

జవాబులు అందాయి. మొదటిదానికి సగం మార్కులు. మేక ఈనేటప్పుడు పందిరివాడి పెండ్లాం తెల్లార్లూ మేల్కొని నీళ్లు కాచింది. ఆమె సంగతి నువ్వు అడగలేదు. రెండోది సరే. మూడోది పూర్తి మార్కులు. తడబడకుండా రాశావు. నేను కోరింది అదే.

నేనిప్పుడు కట్ట కింద మన వలల గుడిసెలో ఉంటున్నాను. ఉత్తరాలు ఇక్కడికే రాయి. గాలి బాగుంది. గుహుడు కూడా ఏటి ఒడ్డునే కదా ఉన్నది, రాముడు వెతుక్కుంటూ వచ్చాడు.

సనదు సంగతి నీ ఇష్టం.

అత్త

*

హైదరాబాదు
ఫర్వర్ది 2

అత్తా,

పూర్తి మార్కులు! ఆ ముక్క చించి పుస్తకంలో పెట్టుకున్నాను.

నువ్వు ఇల్లు వదిలి గుడిసెకు మారావని చదివాక నా ప్రాణం కుదుటపడింది. ఎంత మంచి పని చేశావు! ఇక్కడ డాక్టర్లు మొత్తుకునేది అదే. పాత ఇళ్ల చూరుల్లోనే రోగం దాక్కుంటుందని చెప్పినా జనం ఇంటి మీద మమకారం చంపుకోలేక గడప పట్టుకుని వేలాడుతున్నారు. నువ్వు వేలాడలేదు. రోజూ పురాణం చెప్పేవాళ్లకు ఆ మాత్రం వైరాగ్యం ఉండాలి మరి. తిరిగిపోవాలన్న తొందర పెట్టుకోకు. ఆ ఇంట్లో నీకు ఇప్పుడేం పని?

పెద్దమామను కూడా తీసుకుపోవాల్సింది. లేక ఇల్లు కాపలా కాస్తున్నాడా?

సంతోషంతో,
జంగయ్య

*

చెరువు కట్ట కింద
మాఘ పౌర్ణమి

జంగయ్యా,

అవును. మంచి పనే చేశాను.

నాకు వైరాగ్యం ఉందో లేదో నాకు తెలియదు. గుడిసెకు తలుపు లేదు. వచ్చిన రాత్రి చాప మీద పడుకుంటే మీ మామ బుగ్గయ్య చేత్తో అలికిన గోడే కళ్ల ముందుకొచ్చింది. అది మమకారమే. నువ్వు చంపుకోమన్నావు కాబట్టి చంపుకుంటున్నాను, ఇంకా చావలేదు.

నీ మూడో జవాబును వాడ పెద్దల ముందు నేనే చదివి వినిపించాను. ఎవ్వరూ నన్ను చదవమనలేదు. అంతకుముందు మల్లేశయ్య బావ, "సిద్దమ్మా, ఇల్లు మా నాయినది. నువ్వు తిన్నంత కాలం తిన్నవ్, ఇంక జర పక్కకు జరుగు" అన్నాడు. నేను ఊరుకోక, "నా అల్లుడు శాస్త్రం చదివిండు, వాడు ఏది రాస్తే అది" అని అందరి ముందు అనేశాను. నీకు చెబితే అత్త కష్టం చూసి అత్త తరఫున రాస్తావని ప్రశ్నలాగా రాసి పంపాను. నువ్వు రాశావు. నాకు వ్యతిరేకంగా వచ్చిందని కాగితం దాచిపెడితే ఇన్నేళ్లు నేను చెప్పిన పురాణం ఏమైనట్టు?

తాళంచెవి బావ చేతిలో పెట్టాను. ఇంద్రమ్మ నా కొంగు పట్టుకుని, "చిన్నమ్మా, నువ్వెందుకు పోతున్నవ్?" అంది. దాని చేతిలోంచి కొంగు విడిపించుకుని వచ్చాను.

ప్లేగు కోసం రాలేదురా, నాయనా. ఇల్లు నాది కాదని నువ్వు రాస్తే వచ్చాను.

సిద్దమ్మ

*

హైదరాబాదు
ఫర్వర్ది 9

అత్తా! అత్తా!

కాళ్లు పట్టుకుంటున్నాను. నీ ఉత్తరం చదివి రోడ్డు మీదికి పరుగెత్తాను, బస్సు లేదు. ప్లేగని ఊళ్లకు బస్సులు ఆపారు. నడిచి పోదామంటే ఊరి చివరి పహరా నాకా దగ్గర సిపాయిలు వెనక్కి తోశారు.

ఆ ఆమె నువ్వని నాకు తట్టలేదు. పెద్దమామ గోడలు తడుతున్నాడని నువ్వే రాశావు, అయినా తట్టలేదు. నేను ప్రశ్నను చూశాను గాని, అడిగిన మనిషిని చూడలేదు. ఎంత తొందరగా జవాబు రాస్తే అంత గొప్ప వకీలుననుకున్నాను.

వీరస్వామి గారికి అంతా చెప్పాను. ఆయన తిట్టలేదు, తిడితే బాగుండేది. "జంగయ్యా, ఇల్లు ఎవరిదని అడిగితే, పొయ్యిలు ఎన్ని అని ముందు నువ్వు అడగాలె" అన్నారు. నేను నీ ప్రశ్నలో లేని మాటను నా జవాబులో పెట్టాను. "ఉమ్మడి ఆస్తి" అని నువ్వు రాయలేదు, నేనే అనుకున్నాను. అన్నదమ్ములు వేరుపడి ఉంటే లెక్కే మారిపోతుంది. తమ్ముడి పాలు తమ్ముడి పెండ్లానికే, ఆమె బతికినన్నాళ్లు. ఒకవేళ ఉమ్మడిగానే ఉన్నా, ఆ ఇంట్లో తలదాచుకునే హక్కు ఆమెకు ఉంటుంది. నేను అదీ రాయలేదు.

ఇప్పుడు అడుగుతున్నాను. మామ, పెద్దమామ వేరుపడ్డారా? ఎప్పుడు? ఎవరు చూశారు? ఇల్లు ఎవరి పాలుకు వచ్చింది? పెద్దమామ ఏం తీసుకున్నాడు? దయచేసి ఒక్కటీ దాచకుండా రాయి.

నా పేరు పిలిచారు. నేను సనదు అందుకోలేదు. వచ్చే పరీక్షకు కూర్చుంటాను. నువ్వన్న మాటే నిజం, అత్తా.

నీ ముందు తల ఎత్తలేని,
జంగయ్య

*

చెరువు కట్ట కింద
మాఘ బహుళ అష్టమి

నాయనా,

ఏడుస్తూ రాశావు, అక్షరాలు అలుక్కుపోయాయి. నేనూ ఏడుస్తూ చదివాను, ఇంకా అలుక్కుపోయాయి. మొత్తానికి చదివాను.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. వేరుపడ్డారు. ఎందుకు పడలేదు? మా మామగారు పోయిన ఏడాదే పడ్డారు. కొత్త తెప్ప, పెద్ద వలలు, ఎడ్లు అన్న తీసుకున్నాడు. అవి అమ్ముకుని పట్నం మిల్లుకు పోయాడు. ఇల్లు, పాత వల తమ్ముడికి. కాగితం లేదు. మన వాడలో కాగితమెందుకు? ఎండాకాలం చెరువులో చేపలు పట్టినప్పుడు ఒడ్డున పొయ్యికొక కుప్ప పోస్తాం కదా, ఉమ్మడిగా వండుకునేవాళ్లకు ఒకటే కుప్ప. వేరుపడ్డ నాటి నుంచి వీళ్లకు రెండు కుప్పలు పోశారు. బావ చెరువు పట్టుడుకు వచ్చినప్పుడల్లా తన కుప్ప తాను ఎత్తుకుపోయాడు. మీ మామ పోయాక కూడా మన పొయ్యి పేరిట నాకొక కుప్ప పోస్తూనే ఉన్నారు. వాడంతా చూసిందే. ఇది ఎవరికి తెలియదని నీకు రాయాలి? నువ్వు అడిగితే చెప్పేదాన్ని. శాస్త్రానికి ఇవన్నీ అక్కర్లేదేమో అనుకున్నాను.

ఆనాడు నిండు సభలో ద్రౌపది ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. తనను తాను ఓడినవాడు నన్నెట్లా ఒడ్డుతాడని. పెద్దపెద్దవాళ్లంతా తలలు దించుకున్నారు. నువ్వు దించుకోలేదు, తిరిగి ప్రశ్న వేశావు. అది చాలు నాకు.

కాని కచేరీకి మాత్రం నేను రాను. తల్లి చచ్చిన పిల్లను ఏ ముఖం పెట్టుకుని బయటికి పంపను? ఇల్లు వదిలేశాను, దానం చేశాననుకుంటాను. బలి చక్రవర్తి మూడు లోకాలూ ఇచ్చి పాతాళానికి దిగాడు, నాకు గుడిసె ఎక్కువే.

అత్త

*

హైదరాబాదు
ఫర్వర్ది 18

అత్తా,

ఒక్కసారి నీతో వాదిస్తాను. తప్పయితే చెవి మెలిపెట్టు.

బలి చక్రవర్తి ఇచ్చాడన్నావు. ఎవరిది ఇచ్చాడు? తనది. అందుకే అది దానమైంది. మూడు లోకాలూ తనవి కావని ఎవడో చెబితే నమ్మి లేచిపోయి ఉంటే, దాన్ని పురాణంలో దానమని రాసేవాళ్లా? నీ ఇల్లు నీది కాదని నేను తప్పు చెప్పాను, నువ్వు నమ్మి వదిలావు. అది దానం కాదు, అత్తా. నా తప్పుకు నువ్వు కట్టిన జరిమానా. ముందు ఇల్లు నీదవ్వాలి. ఆ తర్వాత ఎవరికైనా ఇచ్చుకో, నేను అడ్డం రాను.

నీకు నచ్చని పని ఒకటి చేశాను. సనదు తీసుకున్నాను. వచ్చే పరీక్ష ఎప్పుడో తెలియదు, వాన మాత్రం మృగశిర కార్తెలో వస్తుంది. తలుపు లేని గుడిసెలో నిన్ను ఉంచి, నేను పరీక్ష కోసం కూర్చోనా? పెద్దమామకు నోటీసు వీరస్వామి గారి పేరుతో పంపవచ్చు. కాని తప్పు నా పేరుతో చేశాను, దిద్దడం కూడా నా పేరుతోనే చెయ్యాలి.

దీంతోపాటు వకాలతు కాగితం ఉంది. నీ తరఫున నేను మాట్లాడవచ్చని ఒప్పుకుంటే కింద సంతకం చెయ్యి. పెద్దమామకు నోటీసు ఉంది. తెలుగులోనే రాశాను, గట్టి మాటలు వాడలేదు. వాడ పెద్దల ముందు చదివించు. అక్కడ తేలితే కచేరీ గడప తొక్కనక్కర్లేదు.

ఇష్టం లేకపోతే రెండూ పొయ్యిలో పెట్టు. నీ ఇష్టమే నాకు తీర్పు.

జంగయ్య

*

ఇబ్రహీంపట్నం, బెస్తవాడ
ఫాల్గుణ శుద్ధ దశమి

మా వకీలు జంగయ్యకు, ఆశీర్వదించి అత్త సిద్దమ్మ రాస్తున్నది.

పైన ఊరి పేరు చూశావు కదా. ఇంటి నుంచే రాస్తున్నాను.

నీ బలి చక్రవర్తి మాటకు నేను ఓడిపోయాను. ఇన్నేళ్లుగా ఆ కథ చెబుతున్నాను, ఎవరిది ఇచ్చాడని ఒక్కనాడూ అడగలేదు. సంతకం చేశాను. వేలిముద్ర కాదు, సంతకం! పేరులో వత్తు కొంచెం పక్కకు పోయింది, కచేరీవాళ్లు ఏమీ అనరు కదా?

అందరినీ పిలిచి ఎల్లయ్య పెద్దమనిషి చేత నోటీసు చదివించాను. మల్లేశయ్య బావ వింటూనే లేచాడు. "గీ ప్లేగు వకీలు రాసింది నేను వినాల్నా? పరీక్ష పాసుగానోడు గూడ వకీలేనా?" అన్నాడు.

నా నోరు ఆగుతుందా? "ప్లేగు పేరు చెప్పి ఇల్లు ఎక్కినోనివి, ప్లేగు పేరుతోటి వకీలైనోన్ని ఎక్కిరిస్తవా బావా?" అన్నాను. నవ్వినవాళ్లు నవ్వారు. బావ ముఖం చూశాక, ఆ మాట వెనక్కి లాక్కోవాలనిపించింది. ఆయనకు ప్లేగు అంటే భార్య కదా.

ఎల్లయ్య మెల్లగా అడిగాడు. "మల్లేశా, చెరువు దిక్కు తిరిగి చెప్పు. చెరువు పట్టినప్పుడు నువ్వు ఎవ్వని కుప్ప ఎత్తుకున్నవ్?"

"నాదే."

"బుగ్గడు?"

"వానిది వాడు."

"ఒక్క పొయ్యి అయితే రెండు కుప్పలు ఎందుకు పోసినమ్రా మేము? మాకు చేపలు ఎక్కువైనయా?"

బావ భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. చివరికి, "అవ్. వేరువడ్డం" అన్నాడు. "నాకు ఇంటి మీద ఆశ గాదు, సిద్దమ్మా. పిల్లను వట్టుకొని ఎటు పోవాల్నో తెల్వలే. నీది అంటే నువ్వు ఎల్లగొడ్తవని, నాది అన్న." అని నేల మీద కూలబడ్డాడు. ఇంద్రమ్మ వాళ్ల నాయన కన్నీళ్లు తుడుస్తుంటే వాడలో ఒక్క ఆడమనిషి కళ్లు ఆరి లేవు.

తాళంచెవి నా చేతిలో పెట్టారు. అప్పుడు లేచి అన్నాను: "బావా, ఇది నా ఇల్లు. అందుకే చెప్తున్న. తూర్పు అర్రల ఉండు. పిల్ల పెండ్లి గూడ గీ ఇంట్లకెల్లే చేద్దాం. కాని మల్ల గోడలు తట్టినవంటే మాత్రం బాగుండదు."

నువ్వు వద్దన్నా నేను ఇచ్చేదాన్నే. కాని ఇచ్చేటప్పుడు ఇంత సుఖంగా ఉంటుందని నాకు తెలియదు. గుడిసెకు పోయిన నాడు దానం చేశానని నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. ఆ నాడు ముద్ద దిగలేదు. ఈ నాడు రెండు సంకటి ముద్దలు తిన్నాను.

సనదు తీసుకున్నందుకు తిట్టను. పరీక్ష ఉండాలన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను, ప్లేగు తగ్గాక పెడితే పోయి రాయి. అయితే ఒకటి చెబుతాను. ఏ పరీక్షలోనైనా ప్రశ్న పూర్తిగా రాసి ఇస్తారు. నీ దగ్గరికి వచ్చేవాళ్లు అట్లా రారు. నాలాగే సిగ్గుపడి సగమే చెబుతారు. నేను నీ చేతుల మీద పెరిగినదాన్ని కాను, నిన్ను పెంచినదాన్ని. అయినా నీకే చెప్పలేకపోయాను. ఇక పరాయివాళ్లు ఎట్లా చెబుతారు? మిగతా సగం అడిగి తెలుసుకోవడం నీ పని.

జైల్లో ఉన్న గిన్నెల ముసలాయన ఏమయ్యాడు? రాయి.

ఆశీస్సులతో,
అత్త సిద్దమ్మ, తన ఇంటి నుంచి

*

హైదరాబాదు
అర్దిబెహిష్త్ 10

అత్తా,

నీ సంతకంలో వత్తు సరిగ్గానే ఉంది. ఉత్తరం చదివి వీరస్వామి గారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. గిన్నెల ముసలాయన విడుదలయ్యాడు. ఆ ఇల్లు ఆయనదేనని చెప్పడానికి పక్కింటివాళ్లను వెతికి డేరాల్లోంచి తీసుకొచ్చాను. బయటికి రాగానే నన్ను మొక్కకుండా, "నా గిన్నెలు ఏవి?" అని కొట్లాడాడు. ఆ దావా కూడా నాదే ఇప్పుడు.

రోగం కొంచెం తగ్గింది. బస్సులు వదలగానే వస్తాను. ఇంద్రమ్మకు పలక తెస్తున్నాను.

ఈ పొద్దున ఒక ముసలవ్వ వచ్చింది. కందుకూరు దిక్కు మనిషి. నా సనదు చూసి నా దగ్గరికే వచ్చిన మొదటి మనిషి. గడప దగ్గరే నిలబడి, "నాకోసం కాదు బిడ్డా. మా పక్కింటామె ఉన్నది. కొడుకు ఆమెను ఇంట్లకు రానిస్తలేడు. గట్ల చెయ్యొచ్చునా అని అడగమన్నది" అంది.

చట్టం పుస్తకం నా ముందే ఉంది. ఆ పేజీ నాకు నోటికి వచ్చు. తెరవలేదు. లేచి చాప వేసి, కూర్చోబెట్టి అడిగాను.

"అవ్వా, మీ పక్కింటామె పొద్దున ఏమన్న తిన్నదా?"

ముసలవ్వ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. "లేదు బిడ్డా" అంది. "నిన్నటి సంది లేదు."

పక్కన హోటలు నుంచి రొట్టెలు, పప్పు తెప్పించాను. ఆమె తింటోంది. ఆమె తినేదాకా ఈ ఉత్తరం రాస్తున్నాను.

జంగయ్య